సిమోన్ అని పిలిస్తే

మొన్న ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో మా ఇంటికి తేళ్ల మందు కొట్టే అతను వచ్చి, గోడల వెంటా పెరటి రాళ్ల సందుల్లోనూ పంపుతో తడిపి వెళ్లాక, కిటికీ తెరిస్తే కిరసనాయిలు లాంటి, కొంచెం తియ్యటి వాసన లోపలికొచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు, డెబ్బైలు వెళ్లిపోయి ఎనభైలు వస్తున్న రోజుల్లో, లూసియానాలో మేమున్న ఊళ్లో ఎండాకాలం సాయంత్రాలన్నీ ఇదే వాసన. దోమల మందు ట్రక్కు తెల్లటి పొగ వదులుతూ వీధులన్నీ తిరిగేది. పిల్లలమంతా చెప్పుల్లేని కాళ్లతో దాని వెనక పరిగెత్తి, ఆ పొగలో ఒకళ్లకొకళ్లం కనపడకుండా పోయి, చేతులు చాచి వెతుక్కునేవాళ్లం. అది విషమని ఏ తల్లికీ తోచలేదు. మా నాన్న డాక్టరై ఉండి కూడా వరండాలో కూర్చుని చూసి నవ్వేవాడు.

మా ఇంటి వెనక కాలువ. పారుతోందో ఆగిందో తెలియని నల్లటి నీళ్లు, అంచున మనిషెత్తు రెల్లు, నీళ్లలోనే నిలబడి పెరిగే చెట్లు, వాటి కొమ్మల నుంచి జడలు జడలుగా వేలాడే బూడిద రంగు నాచు. ఆ కాలువ ఒక వంపు లోపలికి చొచ్చుకొచ్చి మా పెరట్నీ, పక్కనున్న మిస్ ఓడీల్ పెరట్నీ విడదీసేది. ఆవిడది ఫ్రెంచి మాట్లాడే పాతకాలపు కుటుంబం. ఒక్కతే ఉండేది. అమ్మ బెండకాయ పులుసు గిన్నెతో పంపితే, అదే గిన్నెలో అదే బెండకాయతో చేసిన గంబో అనే తన పులుసు పోసి పంపేది. పొద్దుగూకే వేళకి వెనక మెట్ల మీద నిలబడి, ఏప్రాన్ కొస చేత్తో పట్టుకుని, కాలువ వైపు తిరిగి ఏదో పిలిచేది. మాట తెలిసేది కాదు, సాగదీత మాత్రం వినిపించేది. పిల్లిని కాబోలు అనుకున్నాం. ఆ ఇంట్లో పిల్లిని మేమెవరం ఎన్నడూ చూడలేదు.

నా పేరు విశాలాక్షి. స్కూల్లో మా టీచరు ముందున్న పేర్లన్నీ గడగడా చదివేసి, నా దగ్గరకొచ్చేసరికి ఆగి, కళ్లద్దాలు సవరించుకుని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వినగానే నేను చెయ్యెత్తేదాన్ని. అందుకే అమ్మకి మళ్లీ నెల తప్పాక, ఈసారి ఇక్కడివాళ్ల నోరు తిరిగే పేరే పెట్టాలని నాన్న పట్టుబట్టాడు. అమ్మ ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు. “కడుపులో ఉన్నదానికి పేరేంటండీ, దిష్టి కాదూ? బారసాల నాడు చూసుకుందాం” అనేది. నాన్న ఊరుకునే రకమా? వీధి వైపు కంచె దగ్గర మిస్ ఓడీల్‌ని సలహా అడిగాడు. ఆ ఊళ్లో ఫ్రెంచి పేర్లంటే గొప్ప, మన నోటికీ బానే ఉంటాయని ఆయన లెక్క. కాకపోతే సగం ఊరు చమురు పనులకొచ్చిన ఇంగ్లీషువాళ్లు, వాళ్లూ పలకగలగాలి. దాంతో అమ్మకి తెలియకుండా మా ఆట మొదలైంది. మిస్ ఓడీల్ పేరు చెబుతుంది, నేను చీటీ మీద రాసుకుని ఎదురింటి మిస్టర్ హార్లన్ దగ్గరికి పరిగెడతాను. టెక్సస్ నుంచి వచ్చిన ఆ పెద్దాయన దాన్ని తడుముకోకుండా చదివితే పేరు నెగ్గినట్టు.

సొలాంజ్‌ని ఆయన సోలాంగ్ చేశాడు. గిలేన్ దగ్గర దగ్గొచ్చింది. మరొకదాన్ని చూసి, ఇది మందు పేరా అన్నాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఒకనాడు మిస్ ఓడీల్ బట్టలు ఆరేస్తూ ఆగి, మా పెరట్లో నడుస్తున్న అమ్మ కడుపు వైపు చాలాసేపు చూసింది.

“ఒక పేరుంది. అందరూ పలకగలరు. ఈ వీధిలో అందరూ పలికినదే” అంది.

నేను సిమోన్ అని రాసుకెళ్లాను. మిస్టర్ హార్లన్ చీటీ వంక చూసి, ఒక్క అక్షరం తప్పకుండా, మెల్లగా పలికాడు. తర్వాత చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు తిరిగివ్వకుండానే లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. నెగ్గింది నాన్నా, నెగ్గింది అని అరుచుకుంటూ ఇంటికొచ్చాను.

చెల్లెలు పుట్టింది. పేరు రాయందే ఇంటికి పంపే కాగితాలు కదలవని నర్సు అంటే నాన్న సిమోన్ అని రాసేశాడు. బారసాల కాకుండా పేరేంటని అమ్మ ఏడ్చింది. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం సంబరంగా పళ్లెంలో బియ్యం పోసి, నాన్న ఉంగరంతో ఆ పేరే రాయించి, పేరంటానికొచ్చిన మిస్ ఓడీల్‌ని నా చేత అడిగించింది.

“అడగవే, ఎవరి పేరంట అది?”

“మా అమ్మాయిది” అందావిడ.

“ఎక్కడుందిట ఇప్పుడు?”

మిస్ ఓడీల్ కిటికీలోంచి కాలువ వైపు చూపించింది. నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది.

అందరూ వెళ్లాక అమ్మమ్మ అమ్మని కూర్చోబెట్టి చెప్పింది. “మా అత్తగారి పేరు నీకు పెట్టాను. ఒక్కనాడైనా ఆ పేరుతో పిలిచానటే? పెట్టిన పేరు తియ్యకూడదు, పోయినవాళ్ల పేరు ఇంట్లో పిలవకూడదు. చిట్టీ అనండి, చాలు.” ఆ రోజు నుంచి సిమోన్ కాగితాల్లో ఉండిపోయింది, ఇంట్లో చిట్టి తిరిగింది.

కానీ ఇప్పుడు మాకు మాట తెలుసు కదా. పొద్దుగూకితే ఆ మెట్ల మీంచి వచ్చే పిలుపు స్పష్టంగా వినిపించేది. అమ్మ చంకలో ఉన్న చిట్టి, మేం ఎంత పిలిచినా ఆటలో పడి చూడని పిల్ల, ఆ గొంతుకి మాత్రం టక్కున తల తిప్పి కాలువ వంక చూసేది. అమ్మకి ప్రాణం పోయేది. తన బిడ్డని ఎవరో మెల్లమెల్లగా అటు పిలుచుకుంటున్నారని భయం. అంత ఉక్కలోనూ కిటికీలన్నీ మూసేది. గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది.

చిట్టికి రెండేళ్లు రాబోతున్న ఎండాకాలం, ట్రక్కు వెళ్లి పొగ ఇంకా పెరట్లో తేలుతుండగా, వెనక తలుపు తీసి ఉండటం అమ్మ చూసింది. చిట్టి లేదు. చిట్టీ, చిట్టీ అని అరుస్తూ అమ్మ వట్టి కాళ్లతో పొగలోకి పరిగెత్తింది, ఆమె చీర కొంగు పట్టుకుని నేను. ఏమీ కనపడదు. కప్పలు కూడా అరవడం లేదు. వంపుకి అవతల నుంచి మిస్ ఓడీల్ పిలుపు, ఇవతల రెల్లులో చిన్న కాళ్లు ఆ పిలుపు వైపు నడుస్తున్న చప్పుడు. మధ్యలో నీళ్లు.

అమ్మ అరుపు విని ఆవిడ ఆగిపోయింది. పొగ కాస్త పలచబడితే కనిపించింది, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. చేతులు తీసి ఒక్కసారి అరిచింది. “నేనింక పిలవను. నా వైపే వస్తుంది. నువ్వు పిలువు. ఆ పేరుతో పిలువు!”

అమ్మ కళ్లు మూసుకుని, చిట్టి పుట్టాక మొదటిసారి, సిమోన్ అని పిలిచింది.

“ఊఁ” అంది చిట్టి. రెల్లు చీల్చుకుని, మోకాళ్ల దాకా బురదతో వచ్చి అమ్మ కాళ్లకి చుట్టుకుంది. ఆ వెనకే, నీళ్ల మీంచి, మరో గొంతు పలికింది. నా ఈడు పిల్ల గొంతు, వస్తున్నానన్నట్టు హాయిగా సాగింది. నేను విన్నాను. అమ్మ వింది. వంపుకి అవతల మిస్ ఓడీల్ మోకాళ్ల మీద కూలబడిపోయింది. అమ్మ చిట్టిని ఎత్తుకుని వెనక్కి చూడకుండా ఇంట్లోకి తెచ్చి గడియ వేసింది. ఆ తర్వాత మిస్ ఓడీల్ పిలవగా ఎవరూ వినలేదు.

నాన్నకి వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాం. ఆ కాలువని పూడ్చి రోడ్డు వేశారుట. అమ్మ లేదు, మిస్ ఓడీల్ లేదు, సాయంత్రం మెట్ల మీద నిలబడి పిల్లల్ని పేరు పెట్టి ఇంటికి పిలిచే తల్లులే లేరు, ఫోన్లో మెసేజ్ పెడితే సరిపోతోంది. మా చిట్టి సిమోన్‌గా ఆఫీసుల్లో సుఖంగా ఉంది, దాని పేరు ఎవరూ రెండోసారి అడగరు. ఈ కథ చెబితే నవ్వుతుంది. “అక్కా, అది ఎకో అయ్యుంటుంది, లేకపోతే నైబర్స్ పిల్ల” అంటుంది. అయ్యుండొచ్చు. నాకు భయం పోయి చాలా ఏళ్లయింది, మిగిలింది దుఃఖం. ఏళ్ల తరబడి తను పిలిస్తే పలకని పిల్ల మా అమ్మ పిలిస్తే పలికిందే అని ఆవిడ ఆ మోకాళ్ల మీద ఎలా భరించిందో నాకు తెలియదు. ఆ సాయంత్రం మా అమ్మ ఒక్క పేరు పిలిస్తే ఇద్దరు పిల్లలు వచ్చారు. మేం ఒకళ్లని తీసుకుని తలుపేసుకున్నాం.