సరంగుకు తెలిసిన ఊరు

కాలువలో ముప్పై ఏళ్లు పడవ నడిపిన సరంగు, దారిలో వచ్చే ఓ ఊరి గురించి, "ఆ ఊళ్లో నాకు తెలియని ఇల్లు లేదు" అని భార్య దగ్గర కోతలు కోసేవాడు. ఉద్యోగం చివరి వారం ఆమె కూడా పడవెక్కింది. ఆ ఊరి రేవులో దిగి, "ఏవీ, చూపించండి" అంది.

వీధిలో సరంగు ఒక్క గుమ్మమూ గుర్తుపట్టలేకపోయాడు. ఇన్నేళ్లూ పడవలోంచి చూసింది ఇళ్ల వెనకవైపే. పరువు దక్కించుకోవాలని, భార్యను సందులోంచి కాలువ గట్టుకు తీసుకెళ్లాడు.

"అదిగో, దర్జీ ఇల్లు! ఆ నీలం కిటికీ టీచరమ్మది."

పెరట్లో బట్టలారేస్తున్న దర్జీ భార్య అతని గొంతు గుర్తుపట్టింది.

"మీరా అన్నయ్యా! చుక్కాని దగ్గర నడుం దాకానే చూశాం. మీకు కాళ్లు కూడా ఉన్నాయన్నమాట!"

"ఉన్నాయి వదినా," అంది సరంగు భార్య. "వచ్చే వారం నుంచి మా ఇంట్లోనే తిరుగుతాయి."