అత్త పాలకు సున్నా

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, అందరికీ కోపం ముక్కు మీద ఉంటే నాకు కీబోర్డు మీద ఉండేది. కన్నడ సరిహద్దులోని నరసాపురం దగ్గర, పాలలో వెన్నశాతం కొలిచే మెషిన్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. సీ భాషలో ప్రోగ్రాం రాయడం నా పని. మా పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు 'పర్వాలేదు సార్' (షెడ్డు కప్పు కారి కంప్యూటరు తడిసినప్పుడూ ఆయన అదే మాట అన్నారు). వెన్నశాతం లెక్కగట్టే ఫంక్షన్ ఒక ఫైల్లో ఉంటే, దాన్ని వాడుకునే కోడు ఇంకో ఫైల్లో ఉంది. అది దశాంశ సంఖ్య ఇస్తుందని ముందే చెప్పే ప్రోటోటైప్ మాత్రం ఎక్కడా లేదు. చెప్పకపోతే, కోడును మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే మా పాత కంపైలర్ పూర్ణసంఖ్యే వస్తుందనుకుని, లెక్క తప్పొచ్చని ఒక వార్నింగు పడేసి ఊరుకునేది. అలా పోగైన వార్నింగులన్నిటినీ సరిచేస్తానంటే, "వార్నింగే కదమ్మా, ఎర్రర్ కాదే! పర్వాలేదు," అని, సార్ అవి తెరమీద కనబడకుండా చేసేశారు. పళ్ళు నూరుకున్నాను. మెషిన్ పరీక్ష కూడా నేరుగా పాల డైరీలోనే చేద్దామన్నారు.

ఆ డైరీ మా నాన్న పుట్టినూళ్ళోదే. వరుసలో ముందు మా మేనత్త. ఆమె పాలు పోయగానే తెరమీద సున్నా పడింది. "ఏమక్కా, నీళ్ళు కలిపినావా?" అన్నాడు డైరీ సెక్రటరీ. వరుసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పర్వాలేదమ్మా," అన్నారు సార్, అలవాటు కొద్దీ.

"ఏమప్పా పర్వాలేదు? నా పాలల్లో నీళ్ళు యాడుండాది? ఇంగ నువ్వే తాగి చెప్పు!" అంటూ అత్త చెంబెడు పచ్చిపాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుటకలు వేస్తూ తాగారు.

"నీళ్ళుండాదా?"

"లేదమ్మా."

"వాళ్ళకి వినబడేట్టు చెప్పప్పా!"

"లేదమ్మా!"

ఈలోగా నేను పాలక్యాను మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, దాచిన వార్నింగులన్నీ బయటికి తీశాను. ప్రోటోటైప్‌లు హెడర్ ఫైల్లో రాసి, దాన్ని రెండు ఫైళ్ళలోనూ చేర్చి, ఒక్క వార్నింగూ మిగలకుండా కంపైల్ చేసి మెషిన్లోకి ఎక్కించాను. అత్త మళ్ళీ పాలు పోసింది. తెరమీద నాలుగున్నర శాతం!

అత్త నావైపు తిరిగింది. "ఏం పాపా, ఇంత సదువుకున్న దానివి, ఈ మాట ముందే చెప్పకూడదా?"

"చెప్పినాను అత్తా!" అని నేను వేసిన కేకకి కట్టేసిన ఆవులు కూడా తలెత్తి చూశాయి.

తిరుగు బస్సులో సార్‌తో పోట్లాడాలని మాటలు పేర్చుకున్నాను. ఆయన చెంబెడు పచ్చిపాలు పట్టించిన కడుపు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పేర్చిన మాటలన్నీ మూటగట్టుకుని బస్సు దిగాను. ఇంటికెళ్ళి, పులుసులో ఉప్పెక్కువైందని మా అమ్మ మీద అరిచాను. ఉప్పు సరిగ్గానే ఉందట. కంచం ముందు ముక్కుపుటాలెగరేస్తూ కూర్చున్న ఆనాటి నన్ను, ఆ పిల్లని, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, ఇంకో గరిటె పులుసు వడ్డించాలనీ అనిపిస్తుంది.