కొండచీపురు పట్టిన గుంట

టీచర్లకి ఆటపాటలతో పాఠం చెప్పడం నేర్పించడం నా ఉద్యోగం. అరకు చుట్టుపక్కల కొండబళ్ల నుంచి వస్తారు. రంగుకాగితాలు కత్తిరిస్తారు, తోలుబొమ్మలు చేస్తారు, ఫొటోలు తీసి గ్రూపులో పెడతారు. ఆఖరి రోజు సర్టిఫికెట్ పుచ్చుకుని బస్సెక్కుతారు. బడికెళ్లాక ఆ కాగితాల్ని గోడకి అంటించి, పాఠం మాత్రం ఎప్పటిలాగే బట్టీ పట్టిస్తారు. నాకు ఒళ్లు మండేది. తిట్టి మాత్రం ఏం లాభం? ఒక్క మనిషి అయిదు తరగతులు చూసుకోవాలి, మధ్యలో కోడిగుడ్లు లెక్కపెట్టాలి, యాప్‌లో ఫొటోలు ఎక్కించాలి.

ఒకావిడ మాత్రం నిజంగా చేసింది. కొండమీద ఒంటిగది బడి, ఆవిడొక్కతే టీచరు, ఆ కొండల మనిషే. శిక్షణ అయిన కొన్నాళ్లకి ఫోన్ చేసింది.

"మేడమ్, ఓపాలి వచ్చి సూడండి. పిల్లలు సాల్లేదని మా బడి ఎత్తేత్తారంట. ఇలాగ సెప్తే ఇంకో నలుగురు వత్తారేమోనని నా ఆశ."

జీపు దిగి కాఫీ తోటల్లోంచి నడిచి వెళ్లాను. బడి వాకిట్లో పిల్లలు థింసా ఆటకి నిలబడ్డట్టు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా ఉన్నారు. టీచరు ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి వాయిస్తోంది. పెద్దవాళ్ల ఆటలో వరస ముందు నిలబడే ఆడమనిషి నెమలి ఈకల కట్ట పట్టుకుని అందరినీ నడిపిస్తుంది. ఇక్కడ ఆ చోట మూడో తరగతి పిల్ల ఒకతి కొండచీపురు పట్టుకుని నిలబడింది. ఇంట్లో దాని భాష వేరు. తెలుగు బడిలో చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదట.

"అందుకే ఆ గుంటని ముందెట్టానండి. నడిపించాలంటే అరవాలి గదా," అంది టీచరు.

మూడడుగులు వేసి, చీపురు ఊపి, "మూడు" అంది ఆ పిల్ల. మళ్లీ మూడడుగులు. "ఆరు." మొదట ఆ గొంతు నాకు సరిగా వినపడనేలేదు. పద్దెనిమిది దాటేసరికి ఊళ్లో ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఎవడో కుర్రాడు అడుగు తప్పితే వరసంతా ఆపేసి, వాణ్ణి తన భాషలో చీవాట్లు పెట్టి, మళ్లీ మూడు నుంచి మొదలెట్టించింది. నేను ఫోన్లో వీడియో తీశాను. నా ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క పూటే.

వీడియో పైవాళ్లకి పంపాను. బ్రహ్మాండం అన్నారు. ఈ బడిని ఉంచండి అని కూడా రాశాను. దానికి జవాబు లేదు. వేసవి సెలవులయ్యాక బడిని గెడ్డ అవతలి పెద్దబడిలో కలిపేశారు. పిల్లలు చాలలేదు, అంతే. వాళ్లకి ఎక్కాలు వచ్చా అని ఎవరూ అడగలేదు. వానలు పడితే ఆ గెడ్డ పొంగుతుంది, దానిమీద వంతెన లేదు. టీచర్ని కూడా ఆ బడికే వేశారు.

ఈ చలికాలం మళ్లీ శిక్షణ పెట్టారు. ముందుగా ఆ వీడియో చూపించి మొదలెట్టమని పైనుంచి ఆజ్ఞ. చూపించాను. హాలంతా చప్పట్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి లేచి, "ఈ బడి ఎక్కడండీ? ఒకసారి వెళ్లి చూసొస్తాం," అంది.

నేను ల్యాప్‌టాప్ వైపు తిరిగాను. వెనక వరసలోంచి ఆ బడి టీచరే లేచింది.

"మా బడేనండి. ఇప్పుడు నేదు. అందులో మేకల్ని కడతన్నారు."

అని కూర్చుంది. తర్వాత టీ వచ్చింది.

టీ దగ్గర ఆవిణ్ణి ఆ పిల్ల గురించి అడిగాను.

"ఆనల్లో గెడ్డ దాటనేక ఇంటికాడ ఉండిపోయిందండి. నీరు తగ్గాక కొన్నాళ్లు వచ్చింది. ఎనక బెంచీలో కూకునీది. మల్లీ నోరిప్పనేదు. ఆడిద్దామంటే, బకెట్టు వాయించొద్దు, పక్క కలాసుకి గోల అన్నారు. ఇప్పుడు వాలమ్మతో కాఫీపళ్ల కోతకి ఎల్తంది. ఇంటికెల్లి పిలిసేను."

"ఏమంది?"

"ఏటీ అన్నేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు, టీ తాగి కప్పు కడిగి పెట్టింది. ఈ పనివల్ల ఏ పిల్లకైనా ఏదో ఒరుగుతుందన్న నమ్మకం నాలో ఇక మిగల్లేదు. అయినా లోపలికెళ్లి రెండో సెషన్ మొదలెట్టాను, జీతం తీసుకుంటున్నాను గనక.

అప్పుడు వచ్చాడు అధికారి, ఆలస్యంగా. అందరూ లేచి నిలబడ్డారు. "ఆ డ్యాన్సు వీడియో మరోసారి వెయ్యండమ్మా, నేను చూళ్లేదు," అన్నాడు. ల్యాప్‌టాప్ మొరాయిస్తోందండీ అని చెప్పబోయాను. ఆవిడ వరస దాటి నా పక్కకొచ్చి మెల్లిగా అంది:

"ఏసీయండి మేడమ్. ఆ గుంట గొంతు నాకింక ఇనబడీది అందులోనే."

వేశాను. చీపురు ఊపి, "మూడు" అంది ఆ పిల్ల.