జాన్‌బీ చూపించిన అయిదు గుడ్లు

బోడిగట్టుపాలెంలో జాన్‌బీ కంటే ముందు ఆవిడ కోళ్ళకి పేరొచ్చింది. ఎవరింట్లో కోడి పొదగడానికి కూర్చున్నా గంపలో తౌడు ఎంత మందాన పరవాలి, గుడ్లు ఎన్ని పెట్టాలి అని అడగడానికి ఆవిడ వాకిట్లోకే వచ్చేవాళ్ళు. గుడ్డుని ఎండకి పట్టి ఒక కన్ను మూసి చూసేది. "ఇది లేవదు, కూర వండుకో" అన్నదంటే దానికిక తిరుగులేదు. మనిషి పొట్టి, నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోలేదు. మంచి పని చేసినా అది నలుగురికీ చూపించేదాకా ఊరుకునేది కాదు. ఆ గుణమే కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు?

మొగుడు సిలార్ దూదేకులాయన. చలికాలం వస్తే విల్లు భుజాన వేసుకుని ప్రత్తిపాడు దాకా ఊళ్ళు తిరిగి పరుపులకి, బొంతలకి దూది ఏకేవాడు. టౌన్లో మిషన్లు వచ్చాక విల్లు వాసానికి ఎక్కింది. మిగిలింది పన్నెండు మేకలు, గట్టు మీద గడ్డి.

గట్టంటే పెద్ద కొండేమీ కాదు. పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య బోర్లించిన చేటలా ఉంటుంది. శివరాత్రి దాకా కప్పులకి బోదగడ్డి కోసుకుంటారు. ఆ తరవాత మిగిలిన గడ్డి ఇనుప తీగలా బిగుసుకుపోతుంది, మేక మూతి కూడా పెట్టదు. ఉగాది వెళ్ళాక దాన్ని కాలిస్తే, మొదటి వానకి లేత చిగురు వస్తుంది. ఆ కాల్చే పని సిలార్ వాళ్ళ తాతల నాటినుంచీ ఆ ఇంటిదే.

అగ్గిపుల్ల గీసి పారేస్తే అయిపోయే పని కాదది. ముందు ఊరి మునసబుకి చెప్పాలి. ఆయన సరే అననక్కర్లేదు, కాదనకపోతే చాలు. తరవాత చేల వైపు గడ్డి చెక్కి బాట తియ్యాలి. నిప్పు పెట్టే ముందు రెండు రోజులు పేటలోని ఆడవాళ్ళు వరసగా నడుస్తూ, గడ్డి పాయలు తీస్తూ గట్టంతా వెతుకుతారు. కౌజుపిట్ట గుడ్లు, నెమలి గుడ్లు కనపడితే తౌడు గంపలో పెట్టి తెచ్చి జాన్‌బీకి ఇస్తారు. ఆవిడ కోడి కింద పెడుతుంది. పిల్లలు లేచి కాళ్ళు నిలదొక్కుకున్నాక, కొత్త గడ్డి వచ్చిన చోట సాయంత్రం పూట వదిలేసి వస్తుంది. ఒక్క పిల్లని ఇంట్లో ఉంచుకున్నా ఆ ఇంటికి మంచిది కాదని ఆవిడ అత్తగారు చెప్పిన మాట. ఇక ఆఖరి రోజు గాలి పడ్డాక సిలార్ డబ్బా వాయించుకుంటూ గట్టు చుట్టూ తిరుగుతాడు. కుందేళ్ళూ ఉడుములూ దారి చూసుకుంటాయి. అప్పుడు పైనుంచి కిందికి, మిగిలిన కాస్త గాలికి ఎదురుగా అంటిస్తాడు.

ఎనభై నాలుగులో ప్రభుత్వం మునసబులనీ కరణాలనీ తీసేసింది. మునసబు లక్ష్మీనరసింహంగారు ఉత్త లక్ష్మీనరసింహంగారై అరుగు మీద కూర్చున్నారు. చెప్పడానికి మనిషి లేక ఆ ఏడు సిలార్ నిప్పు పెట్టలేదు. ఎండలు ముదిరాక ఎవడో పారేసిన బీడీకి గట్టు దానంతటదే అంటుకుంది. బాట తీసినవాడు లేడు కదా, మంట చేలలోకి దిగి రెండు గడ్డివాముల్ని బూడిద చేసింది. ఆ నింద కూడా సిలార్ మీదే పడింది. నువ్వు వేళకి కాల్చి ఉంటే ఇంత జరిగేదా అని జనం మొహం మీదే అడిగారు.

అందుకని మరుసటేడు ఉగాది వెళ్ళగానే ఎవరికి చెప్పాలా అని ఆలోచించాడు. గట్టు మొదట్లో ఫారెస్టువాళ్ళు పాతిన బోర్డు ఒకటి ఉంది. నిప్పు పెట్టరాదు, వేటాడరాదు అని జాన్‌బీయే కూడబలుక్కుని చదివి చెప్పింది. అది బీడీలు పారేసేవాళ్ళకీ తుపాకీలతో వచ్చేవాళ్ళకీ అనుకున్నారిద్దరూ. బోర్డు పెట్టినవాళ్ళకే చెబితే సరిపోతుందని సిలార్‌కి తోచింది. తలగుడ్డ చుట్టుకుని, అరడజను కోడిగుడ్లు పట్టుకుని బీటు గార్డు దగ్గరికి వెళ్ళాడు.

గార్డు పేరు రాధాకృష్ణమూర్తి. పొన్నూరు వైపు కుర్రాడు, వరి చేలు తప్ప ఎరగడు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. గుడ్లు పుచ్చుకోలేదు గానీ కుర్చీ చూపించాడు. సిలార్ చెప్పిందంతా విని, నిప్పు పెట్టడానికి తను ఒప్పుకోకూడదన్నాడు, పైకి రాస్తానన్నాడు. రాసిన కాగితం మీద వేలిముద్ర వేయమంటే సిలార్ సంతోషంగా వేశాడు. మునసబుగారు ఏనాడూ కాగితం మీద రాసుకోలేదు, ఈయన రాసుకున్నాడంటే మరింత గట్టిగా చెప్పినట్టే అయిందనుకున్నాడు. ఇంటికొచ్చి జాన్‌బీతో, "మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు" అన్నాడు.

పదిహేను రోజులు చూశారు. పైనుంచి ఏ మాటా రాలేదు. పడమర మబ్బులు లేస్తున్నాయి. ఒక్క జల్లు పడితే ఇక గడ్డి అంటుకోదు. ఆడవాళ్ళు గట్టు వెతికారు. కౌజు గూళ్ళు రెండు దొరికాయి గానీ అప్పటికే పిల్లలు లేచిపోయి ఉన్నాయి. తుమ్మ పొద కింద మాత్రం నెమలి గుడ్లు అయిదు సిలార్ కంటపడ్డాయి. జాన్‌బీ వాటిని నల్లకోడి కింద పెట్టింది. గురువారం సాయంత్రం గాలి పడింది. సిలార్ డబ్బా వాయించి, బిస్మిల్లా అని గట్టు అంటించాడు. మంట గీత గీసినట్టు దిగొచ్చింది. ఏ చేలోనూ ఒక్క ఆకు మాడలేదు.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. అందులో రేంజరుగారు, వెనక రాధాకృష్ణమూర్తి. పొగ టౌను దాకా కనపడిందట. సిలార్ దాక్కోలేదు, పారిపోలేదు. చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడి, బాబుగారికి ముందే చెప్పానండి అన్నాడు. గార్డు తల దించుకున్నాడు. వేలిముద్ర కాగితం రేంజరుగారి చేతిలోనే ఉంది. తప్పని తెలిసి, చెప్పి మరీ చేశాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయినా రేంజరుగారు కేకలేసే మనిషి కాదు. నిప్పు కేసు రాస్తామని, జరిమానా కడితే పోతుందని, ఇంకోసారి చేస్తే ఊరుకోమని చెప్పి లేవబోయారు. లేస్తూ లేస్తూ ఒక మాట అన్నారు. ఆ మంటలో ఎన్ని పక్షులు గూళ్ళతో సహా మాడిపోయాయో మీకేమైనా పట్టిందా అని.

ఆ మాట జాన్‌బీకి తగిలింది. ముప్ఫయ్యేళ్ళుగా ఎండలో నడుం వంచి గట్టు వెతికిన మనిషి. "అంత మాటనకండి బాబూ. ఒక్క గుడ్డు కాలనిచ్చామేమో రండి, చూపిస్తాను" అంది. ఇద్దర్నీ వంటపాక వెనక్కి తీసుకెళ్ళి, గంప మీద బుట్ట తీసి, నల్లకోడిని రెండు చేతులా పైకెత్తింది. "నిన్నటి మంటలో పోవలసినవి. మా ఆయన తెచ్చాడు, నా కోడి కాస్తోంది."

అయిదు గుడ్లు. కోడిగుడ్ల కంటే పెద్దవి, మట్టి రంగువి. రేంజరుగారు వంగి చూసి గార్డు వంక తిరిగారు.  మెచ్చుకుంటారని జాన్‌బీ కోడిని చంకలో పెట్టుకుని నవ్వు మొహంతో నిలబడే ఉంది.

"ఇవి ఎవరు తెచ్చారన్నావమ్మా?" అని అడిగారు రేంజరుగారు.

అప్పటికి సిలార్‌కి ఏదో అర్థమైంది. పెళ్ళాన్ని పక్కకి జరిపి, "నేనేనండి. దానికేం తెలీదు" అన్నాడు.

నెమలి గుడ్డుని గూట్లోంచి కదపడం చట్టంలో నెమలిని వేటాడటంతో సమానమట. తినడానికి తీశావా, కాపాడటానికి తీశావా అని చట్టం అడగదట. రేంజరుగారు ఆ సంగతి నెమ్మదిగానే చెప్పారు. మీరు వెతికినవి సరే, వెతకడానికి దొరకనివి ఎన్ని మాడాయో మీకు తెలుసా, పాములు, తొండలు, తాబేళ్ళు అని కూడా అడిగారు. జాన్‌బీ తాబేళ్ళని ఎప్పుడూ వెతకలేదు మరి.

సిలార్‌ని జీపు ఎక్కించారు. గుడ్లు సాక్ష్యమట, అవీ తీసుకెళ్ళాలన్నారు. జాన్‌బీ జీపుకి అడ్డం నిలబడి, మనిషి సంగతి అల్లా చూసుకుంటాడు, గుడ్లు చల్లబడితే చచ్చిపోతాయి, కోడిని కూడా పట్టుకెళ్ళమని బతిమాలింది. రాధాకృష్ణమూర్తి ఖాకీ లాగు మీద గంప పెట్టుకుని, కోడిని అదిమిపట్టి కూర్చున్నాడు. పేటంతా నవ్వలేక ఏడవలేక చూసింది. ఆఫీసు గోలకి ఆ కోడి మూడో రోజునే గుడ్ల మీదనుంచి లేచిపోయిందని తరవాత అతనే వచ్చి చెప్పాడు. కోడిని తెచ్చి వాకిట్లో వదిలాడు.

వచ్చినవాడు ఇంకో మాట కూడా చెప్పాడు. "పిన్నిగారూ, నిప్పు కేసు వేరు, గుడ్ల కేసు వేరు. మంచి వకీలుని పెట్టుకోండి. నేను చెప్పానని చెప్పకండి."

జాన్‌బీ ఆ మాట పట్టుకుని లక్ష్మీనరసింహంగారి అరుగు దగ్గరికి పరిగెత్తింది. పక్కింటి రాజ్యం కూడా తోడు వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, సిలార్ మీద అభిమానం ఉన్నవాడు. ముప్ఫయ్యేళ్ళు మునసబు చేసిన అనుభవం. గార్డు మాట విని నవ్వేశారు.

"వాడు నిన్నగాక మొన్న వచ్చాడమ్మా. నా హయాంలో గట్టు కేసులు ఎన్ని చూశాను! ఒప్పుకున్నవాడికి జరిమానా వేసి, కోర్టు లేచేదాకా కూర్చోబెట్టి పంపేవాళ్ళు. కాదన్నవాడే వాయిదాలకి తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకునేవాడు. ఒప్పుకోమను. సాయంత్రం బస్సుకి ఇంట్లో ఉంటాడు."

"మరి ఆ అబ్బాయి వకీలంటున్నాడు గదండీ బాబాయిగారూ" అంది రాజ్యం.

"నువ్వు చదువుకున్నావా, నేను చదువుకున్నానా?" అన్నారాయన.  జాన్‌బీకి ఆయన మాటే తియ్యగా వినపడింది. సాయంత్రం బస్సుకి ఇంట్లో ఉంటాడన్న మాట ఎవరికి తియ్యగా ఉండదు?

కోర్టు రోజున ముగ్గురూ వెళ్ళారు. జాన్‌బీ మొగుడికి కొత్త లుంగీ, జొన్నరొట్టెల మూట తీసుకెళ్ళింది, వచ్చేటప్పుడు బస్సులో తింటాడని. లక్ష్మీనరసింహంగారు కానిస్టేబులుతో మాట్లాడి సిలార్ చెవిలో చెప్పవలసింది చెప్పారు. ఆయన చెబితే సిలార్‌కి అది వెనకటి రోజుల్లో గట్టు నిప్పుకి మునసబుగా తల ఊపినంత మాట.

మేజిస్ట్రేటుగారు చిన్న వయసువాడు. కాగితాలు చదివి, నెమలి గుడ్లు గూట్లోంచి తీశావా అని అడిగారు. తీశానన్నాడు. నేరం ఒప్పుకుంటున్నావా అన్నారు. అవునన్నాడు. ఆయన కలం కింద పెట్టి మళ్ళీ అడిగారు.

"ఎవరైనా ఒప్పుకోమని చెప్పారా? తెలిసే చెబుతున్నావా?"

సిలార్ వెనక్కి తిరిగి లక్ష్మీనరసింహంగారి వంక చూశాడు. ఆయన కళ్ళతోనే ఊఁ అన్నారు. "తెలిసేనండి. తీసింది నేనే గదండి" అన్నాడు.

నిప్పుకి జరిమానా వేశారు. గుడ్లకి ఆరు నెలలు. ఈ తరగతి జీవాల విషయంలో ఆరు నెలలకంటే తగ్గించే అధికారం నాకు లేదు, అన్నిటికంటే తక్కువ శిక్ష ఇదే అని మేజిస్ట్రేటుగారు వివరించారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ళ మీద పడి బతిమాలుకోవచ్చు. కోపమే లేని మనిషిని ఏమని బతిమాలుతుంది? జాన్‌బీ లేచి నిలబడి, "చూపించింది నేనండి. కోడి నాది. నన్ను పంపండి" అంది. బంట్రోతు వచ్చి కూర్చోమన్నాడు. కూర్చుంది.

బయటికి వచ్చాక లక్ష్మీనరసింహంగారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. చట్టం మారింది, నాకు తెలీలేదు అని రెండుసార్లు అన్నారు. ఆయన్ని తిట్టడానికి జాన్‌బీకి నోరు రాలేదు. తిట్టుకోవలసింది తనని తనే. రాజ్యం రొట్టెల మూట కానిస్టేబులుకిచ్చి పంపింది. తిన్నాడో లేదో తెలియదు.

ఆ తరవాత పది రోజులకి వాన పడింది. గట్టు చుట్టూ ఫారెస్టువాళ్ళు కందకం తవ్వించి, మేకలు కనపడితే పట్టుకుపోతామని దండోరా వేయించారు. కాపలా తిరిగేది రాధాకృష్ణమూర్తే. జాన్‌బీ కనపడితే సైకిలు దిగి పక్కకి తప్పుకునేవాడు. మేకలు పాకలో కట్టేసి ఉండేవి. మిరప మోళ్ళూ తుమ్మకాయలూ ఎన్ని రోజులు పెడుతుంది? ఏడింటిని ప్రత్తిపాడు కసాయి తోలుకుపోయాడు. తక్కినవి గట్టు వైపు మూతి పెట్టి అరుస్తూ ఉండేవి. ఆవిడ అటు కన్నెత్తి చూడలేదు.

జూన్ నెలలో గుంటూరు వెళ్ళి, జైల్లో జాలీకి ఇవతల నిలబడింది. సిలార్ చిక్కిపోయాడు. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ నాలిక మీదే ఉన్నాయి. నేను ఆ బుట్ట తియ్యకపోతే నువ్వు ఇక్కడ ఉండేవాడివి కాదని చెప్పాలి. తిడతాడు, తిడితే కాస్త బరువు దిగుతుంది. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

"వాన పడిందంటగా. గడ్డి వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"మేకలు తిన్నాయా?"

"తిన్నాయి."

"ఏ పక్క ముందొచ్చింది?"

జాన్‌బీ గట్టు ఎక్కి నెలన్నర అయింది. నోటికొచ్చింది చెప్పింది. "తూర్పు పక్క."

సిలార్ కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. తూర్పు పక్కంతా రాతి పలక. ఏ ఏడూ అక్కడ గడ్డి ముందు రాలేదు. ఆ గట్టు మీద ఏ మూల ఎప్పుడు పచ్చబడుతుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. వెనక కానిస్టేబులు టైమైందని అన్నాడు.

"ఈ ఏడు అటే ముందొచ్చిందేమోలే" అన్నాడు సిలార్. "బాగా తిననీ."