బూడిదరంగు ప్యాంటు

మా హైస్కూల్లో డ్రిల్ టీచరంటే పిల్లలకి హడల్. పొద్దున్నే గేటు రెక్క ఒకటి మూసేసి, రెండోది ఓరగా తెరిచి, ఆ సందులో నిలబడేది. ఎంత గుంపుగా తోసుకొచ్చినా అక్కడ మాత్రం ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లాల్సిందే. ఆవిడ చూపు జుట్టు దగ్గర మొదలై కాలరు, గోళ్లు, బెల్టు, మేజోళ్లు దాటుకుంటూ బూట్ల దగ్గర ఆగేది. అబ్బాయిల జుట్టు కాలరుకి తగలకూడదు. అమ్మాయిల స్కర్టు మోకాలు పూర్తిగా దాటి కిందికి రావాలి. వేళ్లకి రంగులు, చేతులకి బ్యాండ్లు పనికిరావు. పిల్లలు ఆవిడకి ‘స్కానర్’ అని పేరు పెట్టారు. వీధి మలుపులో ముందున్నవాళ్లు వెనకవాళ్లకి “స్కానర్ ఆన్‌లో ఉంది” అని కబురందించేవాళ్లు. ఆ మాట వినగానే బయట వేలాడుతున్న చొక్కాలన్నీ లోపలికి దూరేవి. ఈ పేరు సంగతి ఆవిడకీ తెలుసు. “నయం, ఎక్స్‌రే అనలేదు” అంది ఒకసారి నాతో.

నేను ఆ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. స్టాఫ్‌రూంలో మా కుర్చీలు పక్కపక్కనే. అందుకే ఆవిడ కటువుతనం వెనక ఏముందో నాకు కాస్త తెలుసు. వాళ్ల నాన్న సరుకుల గోదాంలో మూటలు మోసేవాడు. ఆవిడ చదువుకునే రోజుల్లో ఇంట్లో చిరగని బట్టలంటే యూనిఫాం ఒక్కటే. సాయంత్రం ఉతికి ఆరేసి, పొద్దున్నే చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుని వెళ్లేదట. బడి లోపల అడుగుపెట్టాక తను ఎవరి కూతురో ఎవరికీ తెలిసేది కాదు. డాక్టరుగారి అమ్మాయీ తనూ ఒకే రంగు, ఒకే కుట్టు. “ఆ ఆరేడు గంటలూ నేను ఎవరికీ తీసిపోను అనిపించేది” అనేది. రూలు అంటే ఆవిడకి అంత ఇష్టం అందుకే. యూనిఫాం సరిగా లేదని ఎవర్నీ ఇంటికి తిప్పి పంపలేదు కూడా. గేటు పక్క గదిలో ఒక అల్మరా నిండా పాత బెల్టులు, మేజోళ్లు, గోళ్లు తీసే కత్తెరలు పెట్టుకుంది. గుండీ ఊడిన చొక్కా కనిపిస్తే పిల్లవాణ్ణి అక్కడే నిలబెట్టి, చీవాట్లు పెడుతూనే గుండీ కుట్టేసేది.

తొమ్మిదో తరగతిలో ఒక పొడుగు పిల్ల ఉండేది. తోటివాళ్లు నిచ్చెన అని పిలిచేవాళ్లు. ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్లనుంచి సైకిలు మీద వచ్చేది. ఆ వైపు బస్సు లేదు. పిల్ల ఏపుగా ఎదుగుతోంది కాబట్టి స్కర్టు మోకాలి పైకొచ్చింది. డ్రిల్ టీచర్ గేటు దగ్గర చూసి, అంచు మడత విప్పి కిందికి దించుకుని రమ్మంది. ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఊరుకుంది. మర్నాడు మడత విప్పుకునే వచ్చింది. పాత మడత గీత దగ్గర మాత్రం గుడ్డ రంగు తేడాగా కనిపిస్తోంది.

అది జరిగిన కొద్దిరోజులకే ఒక వాన పొద్దున ఆ పిల్ల గేటుకెదురుగా సైకిలు మీద రోడ్డు దాటుతోంది. కిందికి దింపిన అంచు తడిసి బరువెక్కి చైన్‌లో ఇరుక్కుంది. సైకిలు ఒక్క కుదుపుతో ఆగింది, పిల్ల వెళ్లి రోడ్డు మధ్యలో పడింది. వెనక వస్తున్న కూరగాయల వ్యాను డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. బండి జారుకుంటూ వచ్చి ఆ పిల్ల తలకి మూరెడు దూరంలో ఆగింది. అందరికంటే ముందు పరుగెత్తింది డ్రిల్ టీచరే. పిల్ల మణికట్టు విరిగి చెయ్యి వంకరగా వేలాడుతోంది. అయినా ఏడవలేదు. బాగున్న చేత్తో స్కర్టుని మోకాలు కప్పేలా కిందికి లాక్కోవడానికి తంటాలు పడుతోంది. అంచు చైన్‌లో ఉంది, రావడంలేదు. డ్రిల్ టీచర్ తన అల్మరాలోని కత్తెర తెప్పించి ఆ అంచుని కోసింది. తర్వాత ఆటోలో ఆసుపత్రికి తనే తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం ఆవిడ స్టాఫ్‌రూంకి రాలేదు. మర్నాడొచ్చి, మామూలుగానే గేటు దగ్గర నిలబడింది కానీ ఎవర్నీ ఆపలేదు. చొక్కాలు వేలాడేసుకున్నవాళ్లు కూడా బిక్కమొహాలతో లోపలికి నడిచారు. తిట్టు పడకపోయేసరికి వాళ్లకే భయమేసింది.

వారాంతంలో నన్ను వెంటబెట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లింది. తండ్రి రంగులు వేసే పనివాడు. మాటల్లో మర్యాద తగ్గలేదు కానీ మనిషి బిగుసుకుని ఉన్నాడు. వరండాలో కిటికీ చువ్వకి సైకిలుని గొలుసేసి కట్టేశాడు. ఇక సైకిలెక్కేది లేదని, ఏడాది ఎలాగో గట్టెక్కితే దగ్గర్లో కుట్టుపనిలో పెడతానని చెప్పాడు. తల్లి టీ పెట్టడానికి లేచింది. ఆయన కూడా కుర్చీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు ఆ పిల్ల మెల్లగా అంది, “టీచర్, మా అన్నయ్య ప్యాంటు నాకు సరిపోతుంది. అది వేసుకుని వస్తే రానిస్తారా?”

డ్రిల్ టీచర్ “అడిగి చూస్తాను” అని మాత్రం అంది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం ఆవిడకి రాదు.  తిరిగొచ్చి ఆటో దిగేటప్పుడు, “ఆ రోజు మడత విప్పమన్నప్పుడు ఆ పిల్ల చెప్పబోయింది సైకిలు సంగతే” అంది.

సోమవారం హెడ్మాస్టర్ గదికి వెళ్లి, అమ్మాయిలు ప్యాంటు వేసుకోవడానికి ఒప్పుకోవాలని అడిగింది. హెడ్మాస్టర్ చెడ్డవాడేం కాదు. ఎవరైనా ఫిర్యాదుతో వస్తున్నారంటే చాలు, పక్క గదిలోకి తప్పుకునే మనిషి. ఆయన, రూలంటే రూలేనని ఇన్నాళ్లూ చెప్పింది మీరే కదా అన్నాడు. ఆవిడ అవునంది. తల్లిదండ్రులు ఒప్పుకోరన్నాడు. అడిగి చూద్దామంది. అడిగేదెవరన్నాడు. నేనేనంది. ఆమాత్రం ధైర్యం ఎదురుగా కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నెలాఖరు మీటింగులో ఎక్కువమంది సరేనంటే తనకి అభ్యంతరం లేదన్నాడు. ఆవిడ ఎలాగూ తోక ముడుస్తుందని ఆయన లెక్క.

అప్పటినుంచి ఆవిడ కాళ్లకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగింది. స్కూలు వదలగానే ఒక వీధి పట్టుకుని ఇంటింటి తలుపూ తట్టేది. ఒకావిడ ముక్కున వేలేసుకుని, మగపిల్లల్లా తిరగమని మీరే నేర్పుతారా అంది. ఒకాయన మొత్తం విని, బాగుంది అని, వాళ్లావిడ వైపు చూసి, ఆలోచిస్తాం అన్నాడు. ఇంకో ఇంట్లో ఒక నాయనమ్మ, మా మనవరాలికి చలికాలంలో కాళ్లు పగిలి రక్తం వస్తోంది, ఈ బుద్ధి ఇప్పుడా పుట్టింది అని దులిపేసింది. ఆ తిట్టు తిన్న రోజు డ్రిల్ టీచర్ చాలా హుషారుగా ఉంది. స్టాఫ్‌రూంలో మాత్రం వెటకారాలు మొదలయ్యాయి. స్కానర్ రిపేరుకి వెళ్లిందట అని ఒకరు, రేపు మనల్నీ నిక్కర్లు వేసుకోమంటుందేమో అని ఒకరు. ఆవిడ విని నవ్వేది. నవ్వి, సంచీ భుజానికి తగిలించుకుని ఇంకో వీధికి బయల్దేరేది.

డ్రిల్ టీచర్ ఇంట్లో అత్తగారే పెద్ద దిక్కు. ఆవిడ కోడలి కాళ్లు చూసి, “రోజూ ఇలా ఊరంతా కొలిచొస్తున్నావు, నీకేమైనా పిచ్చిపట్టిందా?” అని అడిగిందట. కోడలు జరిగిందంతా చెప్పింది. అత్తగారు వయసులో ఉన్నప్పుడు నూలు మిల్లులో పనిచేసింది. మిల్లులో చేరిన రోజు తనకి ప్యాంటు ఇచ్చారని, సిగ్గుతో తల ఎత్తలేకపోయిందని, వారం తిరిగేసరికి అది వేసుకున్న సంగతే మర్చిపోయిందని చెప్పింది. “సిగ్గుకి ఆయుష్షు వారమే, అమ్మాయ్. ఆ వారం గడిపించు చాలు” అంది.

మీటింగు రోజు హాలు కిటకిటలాడింది. డ్రిల్ టీచర్ మైకు పట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. మైదానంలో విజిల్ ఊదే మనిషికి మైకుతో పనేముంది? నేరుగా మొదలుపెట్టింది.

“మీ పిల్లల గోళ్లు, జుట్టు, బూట్లు అన్నీ నేనే చూస్తాను. ఆ అమ్మాయి స్కర్టు కిందికి దింపించింది కూడా నేనే. రూలు ప్రకారం నేను చేసింది సరైనదే. ఆ సరైన పని చేసినందుకే ఆ పిల్ల వ్యాను కింద పడబోయింది. యూనిఫాం ఉండాలి. ఒకే రంగు, ఒకే గుడ్డ, అందరికీ ఒకటే. ఆ గుడ్డతోనే అమ్మాయిలు కావాలంటే ప్యాంటు కుట్టించుకోనివ్వండి. వద్దనుకున్నవాళ్లు స్కర్టే వేసుకుంటారు. నేనడిగేది ఇంతే.”

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. ఈ రోజు ప్యాంటంటారు, రేపు జుట్టు విరబోసుకుని రంగులు పూసుకుని వస్తామంటారు, అప్పుడేం చేస్తారని నిలదీశాడు.

“రేపు కూడా గేటు దగ్గర నేనే ఉంటానండీ” అంది డ్రిల్ టీచర్.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది, అడిగినాయనతో సహా. అయినా పని అంత తేలిగ్గా కాలేదు. చాలాసేపు వాదులాడుకున్నారు. అటు మొగ్గి, ఇటు మొగ్గి, చివరికి చేతులెత్తమంటే సరేనన్న చేతులే కాస్త ఎక్కువ లేచాయి. ఎత్తినవాళ్లలో, గోడ పక్కన నిలబడిన రంగుల పనివాడు కూడా ఉన్నాడు. వెంటనే హెడ్మాస్టర్ షరతులు పెట్టాడు: చీలమండ దాకా ఉండాలి, బిగుతుగా ఉండకూడదు, చొక్కా లోపలికి దోపుకోవాలి. అన్నిటికీ ఆవిడ తలూపింది. అవి ఆయన చెప్పకపోయినా ఆవిడ చెప్పేవే.

తర్వాతి సోమవారం గేటు దగ్గర నేను కూడా నిలబడ్డాను, చూద్దామని. ఒక్క పిల్లంటే ఒక్క పిల్ల ప్యాంటులో రాలేదు. అందరూ స్కర్టుల్లోనే వచ్చారు. ఆఖర్న కట్టు విప్పిన చేత్తో, నాన్న స్కూటరు వెనక కూర్చుని నిచ్చెన వచ్చింది. ఆ పిల్లా స్కర్టే. తలొంచుకుని, కుట్టించుకున్నాం టీచర్, సంచీలో ఉంది, మొట్టమొదట నేనే వేసుకోవాలంటే సిగ్గేస్తోంది అంది. నాకు ఉసూరుమనిపించింది. ఇంత తిరిగి, ఇంతమందితో మాటలు పడి, చివరికి ఇదా? డ్రిల్ టీచర్ మాత్రం గోళ్లు చూసి లోపలికి పంపింది.

మంగళవారం ఆవిడే ప్యాంటు వేసుకుని వచ్చింది. ట్రాక్ ప్యాంటు కాదు. పిల్లల యూనిఫాం గుడ్డ, అదే బూడిదరంగు, చీలమండ దాకా. పైన తెల్లచొక్కా, లోపలికి దోపి, బెల్టు పెట్టుకుంది. అత్తగారు ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా మిషను మీద కూర్చుని కుట్టిందట. యాభై దాటిన మనిషి తొమ్మిదో తరగతి పిల్లలా తయారై గేటు మధ్యలో నిలబడేసరికి పిల్లలకి నవ్వాగలేదు. మలుపు దగ్గరే మొదలైంది గోల. ఎనిమిదో తరగతి అబ్బాయిలైతే కడుపులు పట్టుకున్నారు. సైన్సు మాస్టారు పుస్తకం అడ్డం పెట్టుకుని ఆవిడ పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది. కానీ చోటు కదల్లేదు. ఒక్కొక్కర్నీ ఆపి, కాలరు చూసి, గోళ్లు చూసి పంపుతూనే ఉంది. నవ్వుతున్న ఒక అబ్బాయి చొక్కా పట్టుకుని, “నవ్వు తర్వాత, ముందు టక్ చేసుకో” అంది. బుధవారం అలాగే వచ్చింది. గురువారానికి నవ్వేవాళ్లు పలచబడ్డారు. ఎన్నాళ్లని నవ్వుతారు?

శుక్రవారం పొద్దున మలుపులోంచి సైకిలు బెల్లు వినిపించింది. నిచ్చెన సైకిలు తొక్కుకుంటూ వస్తోంది, బూడిదరంగు ప్యాంటులో. వెనకే స్కూటరు మీద తండ్రి, కావలి వచ్చినట్టు. గేటు దగ్గర ఆ పిల్ల కాలు అవతలికి వేసి దిగిన తీరు చూస్తే, ఈ మధ్య ఏదీ జరగలేదేమో అనిపించింది. తండ్రి స్కూటరు ఆపి డ్రిల్ టీచర్ వైపు చూశాడు. తల వంచి నమస్కరించి, బండి తిప్పుకున్నాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూసింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, ప్యాంటు కాలు చైన్‌లో పడకుండా మడిచి ఒక క్లిప్పు పెట్టుకోమని చెప్పింది.

ఆ పైవారం మరో నలుగురైదుగురు వేసుకొచ్చారు. చలికాలం వచ్చేసరికి చలి కోసం వేసుకున్నవాళ్లు, ఆటల కోసం వేసుకున్నవాళ్లు, స్నేహితురాలు వేసుకుంది కాబట్టి వేసుకున్నవాళ్లు చాలామందే అయ్యారు. స్కర్టు నచ్చినవాళ్లు స్కర్టే వేసుకున్నారు, వాళ్లనెవరూ ఏమీ అనలేదు. సైకిలు మీద వచ్చే అమ్మాయిలు పెరిగారు. నిచ్చెన పది పాసై పై చదువుకి వెళ్లింది. కుట్టుపని ఊసు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

డ్రిల్ టీచర్ మెత్తబడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. జుట్టు పెంచుకొచ్చిన అబ్బాయిలు ఇప్పటికీ మలుపు దగ్గరే తల నీళ్లతో అణుచుకుని వస్తారు. మొన్న స్టాఫ్‌రూంలో అన్నం డబ్బా మూత పెడుతూ, అమ్మాయిల బాత్రూం తలుపుకి లోపల గడియ సరిగా పడటంలేదని, పిల్లలు ఒకళ్లకొకళ్లు బయట కాపలా ఉంటున్నారని చెప్పింది. హెడ్మాస్టరుకి ఇదివరకే ఓసారి చెవిన వేసిందట. ఆయన చూద్దాం అన్నాడట.

“మళ్లీ వెళ్తున్నా, మీరూ రండి” అని లేచింది. నేను చాక్‌పీసులు పక్కన పెట్టి ఆవిడ వెంట నడిచాను.