ఎనభై ఆరు దగ్గర ఆపాల్సిన పాట

అది 2023 చలికాలం. ఖమ్మంలో రోగుల ఇళ్లకు ఆక్సిజన్ యంత్రాలు అమర్చే పనిలో అప్పటికి నాకు పదకొండేళ్లు నిండాయి. మా పని గురించి బయట పెద్దగా తెలియదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లను డాక్టర్లు ఇంటికి పంపేటప్పుడు కాన్సన్‌ట్రేటర్ రాస్తారు. గదిలో గాలిని లాక్కుని, అందులోంచి నైట్రోజన్‌ను వేరుచేసి, మిగిలిన ఆక్సిజన్‌ను సన్నటి గొట్టంతో ముక్కుకు అందించే పెట్టె అది. దాన్ని అమర్చడం, ఇంట్లోవాళ్లకు నేర్పడం, పాడైతే వెళ్లి బాగుచేయడం నా ఉద్యోగం. వైరా నుంచి అశ్వారావుపేట దాకా నేను ఎక్కని గడప తక్కువ.

ఒకరోజు పాల్వంచ నుంచి శోభ అనే టీచరు ఫోన్ చేసింది. వాళ్ల పెద్దమ్మకు మా దగ్గరి యంత్రమే ఉంది, మా సహోద్యోగి అమర్చి వచ్చాడు. యంత్రం చప్పుడు చేస్తోందని ఆమె ఫిర్యాదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుందనుకుని, శుభ్రం చేయించమన్నాను. యంత్రం బాగానే ఉంది, దాని మామూలు చప్పుడే తమకు వద్దంది. వచ్చే వారం మూడు రోజులు ఇంట్లో పాటలు రికార్డు చేస్తున్నారట, పాడేది పెద్దమ్మేనట. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి పాడటమేమిటని నాకు చిరాకేసింది. అయినా వెళ్లాను.

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు మీద కొంతదూరం పోయాక, ఎడమకు తిరిగితే అడవి అంచున ఉంది ఆ ఇల్లు. శోభ పెద్దమ్మ స్టెల్లా గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. పుట్టింది ఇల్లెందు బొగ్గు గనుల కాలనీలో. తండ్రి గనిలో ఫిట్టరు, ఆదివారాలు ఆఫీసర్ల క్లబ్బులో పియానో వాయించేవాడు. ఆ పియానో పక్కన నిలబడి ఆమె జాజ్ నేర్చుకుంది. తర్వాత కలకత్తా, బొంబాయి హోటళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పాడింది. జాజ్ అంటే ఏమిటో నాకు తెలియదని చెబితే, ఆమె నవ్వలేదు.

"పాట ఒక్కటే ఉంటది బిడ్డా. పాడినప్పుడల్లా వేరే తొవ్వల పోతది. పక్కన వాయించేటోడు ఎటు పోతే నేను అటు పోవాలె, నేను పోతే వాడు రావాలె. అందుకే అందరం ఒక్క గదిల కూసోవాలె."

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆమె గొంతు ఒకరోజు, మిగతా వాయిద్యాలు ఇంకోరోజు రికార్డు చేసి అతికించవచ్చని ఖమ్మం నుంచి వచ్చిన రికార్డిస్టు సలీం చెప్పాడట. ఆమె ఒప్పుకోలేదు. ఇదే తన చివరి ఆల్బమ్ అని ఆమెకు తెలుసు. ఆమె జబ్బు ఊపిరితిత్తులు గట్టిపడిపోయే రకం, అది వెనక్కి పోదు. ఖమ్మంలో ఆమెను చూసే డాక్టరు ఒక షరతు మీద సరేనన్నారు. రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఆరు శాతం కంటే తగ్గితే పాట ఆపాలి. ఆపించేది నేను.

ముందు యంత్రాన్ని వెనక వంటపాకలోకి మార్చి, పొడవాటి గొట్టం వేశాను. గురగుర పోయింది గానీ, ముక్కు దగ్గర గాలి సన్నగా బుస్సుమనడం సలీం మైకులో వినిపించింది. ఇక దారి ఒకటే. పాడేంతసేపు గొట్టం తీసేయాలి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టాను. వేలిలోంచి వెలుతురు పంపి ఆక్సిజన్ శాతం చెప్పే చిన్న క్లిప్పు అది. గొట్టం తీసి, మెల్లగా పాడమన్నాను. తొంభై నాలుగు నుంచి ఎనభై ఏడుకు రావడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. ఆమె పాటలేమో నాలుగైదు నిమిషాలవి.

స్టెల్లా గారు సగం పాడి ఆగుతానంది. మిగతావాళ్లు వాయిస్తుంటే తాను మైకు నుంచి పక్కకు తిరిగి గొట్టం పెట్టుకుంటుంది, మళ్లీ వచ్చి మిగతాది పాడుతుంది. గొట్టం చప్పుడు వాయిద్యాల మోతలో కలిసిపోతుందని సలీం చెప్పాడు. అట్లా ఆ ఆల్బమ్‌లో ఎవరు ఎంతసేపు వాయించాలన్నది ఆమె ఊపిరిని బట్టే తేలింది.

మొదటి రోజు హైదరాబాదు నుంచి ఒక గిటారిస్టు వచ్చి నాలుగు పాటలకు వాయించి వెళ్లాడు. రెండో రోజు ఆమెతో హోటళ్లలో శాక్సాఫోన్ వాయించిన ఫ్రాన్సిస్ గారు బొంబాయి నుంచి వచ్చారు. ఆయనకూ డెబ్బై దాటాయి. పక్క గూడెం నుంచి డోలు వాయించే కుంజా రామయ్య వచ్చాడు. జాతరల్లో డోలు మోగించే అతన్ని ఆమె ఒకసారి విని, వాయించమని అడిగిందట. అతనికి ఇంగ్లీషు రాదు, ఫ్రాన్సిస్ గారికి తెలుగు రాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించారు.

నేను ఆమెకు ఎదురుగా స్టూలు మీద కూర్చునేదాన్ని. అంకె పడిపోతే చెయ్యెత్తాలి. తొంభై మూడు, తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది. కాలు కదపకూడదు, గట్టిగా ఊపిరి తీయకూడదు. ఎప్పుడు ఎత్తాల్సి వస్తుందోనని చెయ్యి ముందే లేచిపోయేది. రెండో రోజు రెండు పాటలు నా వల్ల మధ్యలో ఆగి, మళ్లీ మొదటినుంచి పాడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఫ్రాన్సిస్ గారు నన్ను చూసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవారు. ఈ ఉద్యోగానికి ముందు ఆసుపత్రిలో వెంటిలేటర్ పక్కన కూర్చున్నప్పుడు కూడా నేను అంత నలిగిపోలేదు. అక్కడ తగ్గిన అంకెను పెంచడం నా పని. ఇక్కడ ఒక మనిషి కావాలని తగ్గించుకుంటుంటే చూస్తూ ఉండాలి.

మూడో రోజు ఒక్క పాటే మిగిలింది. అది ఆమె సొంతంగా కట్టుకున్నది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. గని సైరన్ మోగాక తండ్రి కోసం గేటు దగ్గర నిలబడ్డ పిల్ల పాట. మిగతా ఎనిమిదీ హోటళ్లలో వందలసార్లు పాడినవే. దీన్ని ఆమె ఎప్పుడూ ఎవరి ముందూ పాడలేదని శోభ చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి ఫ్రాన్సిస్ గారి కారు ఖమ్మం బయలుదేరాలి, సాయంత్రం ఆయనకు రైలుంది.

ఆ పొద్దున మంచు బాగా పడింది. పదకొండు దాటినా గది వెచ్చబడలేదు. పాట మొదలైంది. సగం పాడి, గొట్టం పెట్టుకుని, తీసి మళ్లీ మైకు ముందుకు వచ్చింది. అప్పుడు అంకె పడటం మొదలైంది. ఎనభై తొమ్మిది. ఎనభై ఏడు. వెంటనే ఎనభై నాలుగు. ఆమె నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. ఎనభై మూడు. నేను చెయ్యెత్తాను.

రామయ్య డోలు ఆపేశాడు. ఫ్రాన్సిస్ గారు కళ్లు మూసుకుని ఉండటంతో ఇంకో రెండు క్షణాలు వాయించి ఆగారు. స్టెల్లా గారి గొంతు ఒక్కటే గదిలో మిగిలి, అదీ ఆగిపోయింది.

నేను గొట్టం పెట్టబోతే ఆమె నా చెయ్యి తోసేసింది.

"ఏంది నువ్వు చేసింది? డెబ్బై ఏండ్ల సంది నా లోపల పెట్టుకున్న పాట అది, ఇయ్యాల బయటికొస్తుంటే నువ్వు చెయ్యి లేపుతవా? నా ఊపిరి నాకు తెల్వదా? నా ఇంట్ల, నా పాటల, నీ పెత్తనమేంది?"

ఇంకా చాలా అంది. చివరికి గొట్టం తానే పెట్టుకుని, ఎనిమిది పాటలు చాలని చెప్పి లోపలి గదిలోకి వెళ్లి పడుకుంది. శోభ నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. నేను లేకపోతే ఏమయ్యేదోనంది. ఫ్రాన్సిస్ గారు శాక్సాఫోన్ తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం ఏదో కుదురుకోలేదు. ఎనభై మూడులో ఉన్న మనిషి రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటుంది. ఆమె నన్ను ఒక్క ఊపిరిలో, వాక్యం వెనక వాక్యంగా తిట్టింది. పెదాలు నీలం తిరగలేదు. పక్కన కూర్చుని చూసుకుంటానని శోభకు చెప్పి లోపలికి వెళ్లాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గొట్టం పెట్టి అయిదు నిమిషాలైనా వేలి మీద అంకె ఎనభై నాలుగే. ఆ వేళ్లు ముట్టుకున్నాను. మంచులా ఉన్నాయి. ఆక్సీమీటరులో అంకె పక్కన రక్తం ఎంత బలంగా పారుతోందో చూపే చిన్న గీత ఉంటుంది. అది అడుగున పడి ఉంది. వేళ్లు చల్లబడి రక్తం సరిగా అందకపోతే ఆ క్లిప్పు తప్పు చెబుతుంది. ఈ సంగతి నేను ఇంటింటికీ తిరిగి చెప్పేదే. క్లిప్పు తీసి, శాలువాలో ఉన్న రెండో చేతికి పెట్టాను. తొంభై మూడు.

వెనక వంటపాకలోకి వెళ్లి యంత్రం పక్కన నిలబడ్డాను. గొట్టం పెట్టుకున్నాక తొంభై మూడు ఎవరికైనా వస్తుంది, పాడుతున్నప్పుడు ఎంతుందో ఎవరు చెప్పగలరు అని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది కూడా. నేను నోరు తెరవకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో అందరి లెక్కలో నేను ఆమెను కాపాడినదాన్ని. చెబితే, ఉద్యోగం సంగతి తర్వాత, ఆమె మొహం ఎట్లా చూడాలి? అక్కడా నిలబడలేకపోయాను. బావి దాకా వెళ్లాను, తిరిగి వచ్చాను. రామయ్య డోలు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మకు శానా కష్టంగున్నదా మేడం?" అని అడిగాడు.

లేదన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి వచ్చాక ఇంక ఆగలేదు. సమయం చూస్తే పన్నెండున్నర. నేరుగా లోపలికి వెళ్లాను.

"మేడం, తప్పు నాది. ఇందాక నెంబరు నిజం కాదు. మీ వేళ్లు సల్లబడ్డయి, మిషను సక్కగ చదవలే. అది నేను చూస్కోవాలె. చూస్కోలే."

ఆమె నా వైపు తిరిగింది.

"అంటే నాకు ఊపిరి ఉండె."

"ఉండె అనుకుంటున్న మేడం."

"పాట ఎట్ల పోతుండె?"

"నాకు తెల్వదు మేడం. నేను పాట వినలే. నెంబరే చూసిన."

"మూడు రోజుల సంది?"

"అవ్."

ఆమె లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "ఫ్రాన్సిస్‌ను పెట్టె తెరవమను" అంది. గుమ్మంలో నిలబడ్డ శోభ ఇదంతా విన్నది. ఆమె నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పొద్దున జోడించిన చేతులు ఇప్పుడు కట్టుకుని ఉన్నాయి.

వేడినీళ్ల సంచితో స్టెల్లా గారి రెండు చేతులూ కాచాను. ఈసారి స్టూలు ఎదురుగా వేసుకోలేదు, ఆమె కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని, క్లిప్పు ఉన్న ఆమె ఎడమ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను, చల్లబడకుండా. చెయ్యెత్తనని, ఆపాల్సి వస్తే వేళ్లు నొక్కుతానని, అది ఆమెకొక్కదానికే తెలుస్తుందని చెప్పాను. సరేనంది.

గీత చూశాను, నిండుగా ఉంది. అంకె చూశాను. ఆ తర్వాత ఆమెను చూశాను. మెడ దగ్గర కండరాలు ఎట్లా లాగుతున్నాయి, పెదాల రంగు ఎట్లా ఉంది, ఒక పంక్తికి ఎన్నిసార్లు గాలి పీలుస్తోంది. ఇవన్నీ చూడాలంటే ఆమె పాట వినక తప్పదు. అట్లా మొదటిసారి విన్నాను. గొంతు అప్పటికే అలిసిపోయి ఉంది. పై స్థాయికి వెళ్లాల్సిన చోట వెళ్లలేక కిందే నిలబడింది, అక్కడికి ఫ్రాన్సిస్ గారి శాక్సాఫోన్ దిగి వచ్చింది. రామయ్య డోలును కర్రతో కాకుండా వేళ్లతో తట్టాడు. చివరి చరణంలో ఆమె రెండు పంక్తులు వదిలేసింది. ఎనభై ఎనిమిది దగ్గర పాట అయిపోయింది. నేను వేళ్లు నొక్కలేదు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె గొట్టం పెట్టుకుని, నాతో మెల్లగా అంది. "పొద్దుగాలదే బాగుండె. అది పోయింది. ఇది ఉన్నది."

ఆమె చెప్పింది నిజం.

ఆల్బమ్ వేసవిలో వచ్చింది, తొమ్మిది పాటలు. స్టెల్లా గారు అది విన్నారు. వానలు మొదలైన రోజుల్లో పోయారు. పొద్దున ఆగిపోయిన ఆ సగం పాట తన కంప్యూటర్‌లో ఉందని, కావాలంటే పంపిస్తానని సలీం ఒకసారి అన్నాడు. నేను ఇంతవరకూ అడగలేదు. వింటే, ఆ రోజు నిజంగా ఎంత పోగొట్టానో తెలిసిపోతుంది.

ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు, అంకె కంటే ముందు వేళ్లు ముట్టుకోమని చెబుతాను. అది నేర్చుకోవడం తేలిక. రెండోది, చేసిన తప్పును వెంటనే చెప్పేయడం, నేర్పడమే కష్టం. ఆ రోజు వంటపాక దగ్గర ఇంకో రెండున్నర గంటలు తచ్చాడి ఉంటే, కారు వెళ్లిపోయేది, నా తప్పు చెప్పినా ఎవరికీ పనికొచ్చేది కాదు. పోయినేడు ముదిగొండలో ఒక ముసలాయనకు ఆక్సిజన్ నిమిషానికి రెండు లీటర్ల మీద పెట్టాల్సింది మూడు మీద పెట్టి వచ్చేశాను. అలాంటి రోగులకు ఎక్కువైనా ప్రమాదమే. సగం దారిలో గుర్తొచ్చింది. అక్కడే బండి ఆపి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి, మీట తిప్పించి, మళ్లీ వెనక్కి వెళ్లాను. ఆయన కొడుకు గుమ్మంలోనే నిలబెట్టి నోటికొచ్చినట్టు అన్నాడు. అన్నీ విన్నాను. తర్వాత లోపలికి వెళ్లి ముసలాయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఆయన మొహం చూశాను.