కరెంటు పెట్టించుకున్న కాలు

మొన్న షుగరు పరీక్షకని కూర్చుంటే నర్సు పిల్ల నా చేతిమీద స్పిరిటు దూది రాసింది. చల్లగా, ఘాటుగా ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు నవ్వొచ్చింది. "భయం లేదా మామ్మగారూ?" అంది ఆ పిల్ల. భయమా, నా మొహం! ఆ వాసనంటే నాకు పండగ. లాంచీ ఎక్కడం, రైలు చూడడం, మద్రాసు వెళ్ళడం అన్నీ ఆ వాసనతోనే మొదలయ్యాయి. కాలూ, ప్రాణమూ రెండూ పోయేలా ఉన్న రోజుల్లో ఇంత సంబరం ఎలా కలిగిందంటారా? దానికి డాక్టర్ సుగుణమ్మగారు కారణం.

ఆవిడ అమలాపురం దగ్గర ఒక చిన్న మిషను ఆసుపత్రిలో పనిచేసేవారు. పొడుగు మనిషి. నవ్వితే కాలవ అవతలి గట్టుకి వినపడేది. మాది అల్లవరం దగ్గర పల్లె; కొబ్బరితోట, కాస్త వరిచేను. పదో ఏట నా కుడికాలి పిక్కలో నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు, ఏమీ లేదు. నాయనమ్మ ఆముదంతో మర్దనా చేసింది, ఉమ్మెత్తాకు కట్టింది. అప్పటికీ తగ్గకపోతే గడ్డలు చిదిమే మనిషిని పిలిపిస్తానంది. నాన్న మాత్రం "ముందు డాక్టరమ్మగారికి చూపిద్దాం" అని నన్ను సైకిలెక్కించుకుని తీసుకుపోయాడు. గడ్డ మీద చెయ్యి వెయ్యగానే ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మర్దనా చేసేరా దీన్ని?"

"ఆయ్, మా అమ్మ చేసిందండి."

"ఇంక చెయ్యనివ్వకండి. పిసికితే ఒళ్ళంతా పాకుతుంది."

ఆవిడ చిన్న ముక్క తీసి మద్రాసు పంపారు. జవాబు వచ్చిన రోజున నాన్న నన్ను వరండాలోకి పొమ్మన్నాడు. ఆ రోజుల్లో పిల్లలకి ఆ జబ్బు పేరు చెప్పడం అటుంచి, పెద్దవాళ్ళు కూడా దాన్ని పైకి అనేవారు కాదు. సుగుణమ్మగారు ఒప్పుకోలేదు. "కాలు దానిదండీ. దాన్ని బయటికి పంపేసి మనం మాట్లాడుకునేదేముంది?" అని నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "చూడు రత్నం. నీ పిక్క కండలో చెడ్డ కంతి పుట్టింది. రాచపుండు జాతిది, క్యాన్సరంటారు. పిల్లలకీ వస్తుందిది. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

"నేను బతుకుతానాండీ?" అన్నాను. నాన్న మొహం అటు తిప్పేసుకున్నాడు.

"తెలీదమ్మా. చాలామంది బతకరు. కొంతమంది బతుకుతారు. నిన్ను ఆ కొంతమందిలో వెయ్యాలని నా పట్టుదల. మోకాలి పైకి కాలు తీసెయ్యమంటున్నారు పెద్ద డాక్టర్లు. నేను ముందు కంతిని దాని చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీసి చూస్తాను."

"మంచి కండ ఎందుకండీ తియ్యడం?" అన్నాడు నాన్న.

"కలుపు పైపైన కోస్తే ఏమవుద్దండీ?"

"మళ్ళీ లేస్తుందండి." నాన్నకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"తర్వాత మద్రాసు తీసికెళ్ళి కరెంటు పెట్టించాలి. అప్పటికీ మళ్ళీ వచ్చిందనుకో, కాలు ఇచ్చెయ్యాలి. ఇస్తావా?"

ఇస్తానన్నాను. రేడియేషన్‌ని అప్పట్లో కరెంటు అనేవారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. మా ఊళ్ళో ఒక్క కరెంటు దీపం లేదు, మునసబుగారింట్లో కూడా కిరసనాయిలు లాంతరే. అలాంటిది నా కాలికి కరెంటు! ఇంటికొచ్చి వీధి వీధంతా చాటాను. చావు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ మాట నాకూ, డాక్టరమ్మగారికీ మధ్యనే ఉండాలనిపించింది.

ఆపరేషనయ్యాక, గాయం మానగానే ఆవిడ సెలవు పెట్టి మాతో మద్రాసు వచ్చారు. లాంచీలో గోదావరి దాటుతుంటే "అదిగో చూడవే, ఇదిగో చూడవే" అని నాకంటే ఆవిడే ఎక్కువ గంతులేశారు. మద్రాసులో పెద్ద యంత్రం కింద పడుకోబెడితే అది జుయ్యిమంది, అంతే. దీపం వెలగలేదు, మెరుపు రాలేదు. "ఇంతేనాండీ?" అంటే ఆవిడ పడీపడీ నవ్వారు. పోనుపోను పిక్క మాడిన అట్టులా నల్లబడింది. నా పక్క మంచం మీద మన రాజోలు పిల్లవాడొకడు ఉండేవాడు, వాడికి భుజంలో ఇదే జబ్బు. ఇద్దరం పులీమేకా ఆడేవాళ్ళం. ఏడాది తిరక్కుండా వాడు పోయాడు. ఆ సంగతి కూడా నాకు ఆవిడే చెప్పి, నాతోపాటు ఏడ్చారు.

ఇంటికి తిరిగొస్తే అసలు గొడవ అక్కడ మొదలైంది. మా నాయనమ్మ నన్ను ముట్టుకోదు! ఒంట్లో కరెంటుందట, తగిలితే కొడుతుందట. "అక్కడే ఉండవే తల్లీ" అని దూరంగా చెక్కపీట వేసి, పైనుంచి అన్నం పడేసేది. పిల్లలు సరే, చీకటి పడగానే నా కాలు వెలుగుతుందేమోనని చూడ్డానికి వచ్చేవాళ్ళు. దానికి నేను పొంగిపోయాను. కానీ నాయనమ్మ పక్కలో పడుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు సుగుణమ్మగారు నా కాలు చూడ్డానికి వచ్చారు. ఆవిడొస్తే నాయనమ్మ వాకిట్లో వేరే బల్ల వేయించేది, వెళ్ళాక నీళ్ళు కొట్టించేది. ఆవిడ కులం అందరికీ తెలిసిన సంగతే. ఆవేళ ఆవిడ పీట మీద ఒంటరిగా ఉన్న నన్ను చూశారు. బల్ల మీద కూర్చోకుండా తిన్నగా అరుగెక్కి, నన్ను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

"మామ్మగారూ, నన్ను కరెంటు కొట్టిందాండీ?"

"లేదమ్మా" అంది నాయనమ్మ, గడప పట్టుకుని.

"మా అమ్మ మీ చేలోకే ఊడుపులకి వచ్చేదండి. నేనూ వచ్చేదాన్ని. ముట్టుకోకుండా దూరం పెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసండి. చంటిదానికెందుకండీ ఆ బాధ?"

నాయనమ్మ గడప వదిలింది. మెల్లగా దగ్గరికొచ్చి ఒక్క వేలితో నా పిక్క తాకింది. ఏమీ కొట్టలేదు. అంతే, నన్ను వాటేసుకుని బావురుమంది. లోపలికెళ్ళి ఆవిడకి వెండి గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఆవిడ వెళ్ళాక అరుగు మీద నీళ్ళు కొట్టించలేదు. గ్లాసు ఎక్కడ కడిగించిందో మాత్రం నాకు తెలీదు.

ఆ తర్వాత ఏటేటా నాన్నా నేనూ యానాం రేవు దాటి కాకినాడ వెళ్ళి, గుండెల ఎక్స్‌రే తీయించుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఈ జబ్బు మళ్ళీ వస్తే ఊపిరితిత్తుల్లో వస్తుందని ఆవిడే చెప్పారు. ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి ఆవిడ చూస్తుంటే, నేను ఫిల్మును చూసేదాన్ని కాదు, ఆవిడ మొహం చూసేదాన్ని. అబద్ధం చెప్పని మనిషి మొహం కదా, అందులో ఏముంటే అదే నా గతి. "శుభ్రం!" అని ఆవిడ అరిస్తే ఆసుపత్రంతా ఉలిక్కిపడేది.

నాకు పదహారేళ్ళు వచ్చినప్పుడు వెళ్తే, ఆవిడ ఫిల్ము చూసి అరవలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాన్న గోడకి ఆనుకున్నాడు.

"రత్నం, ఇక నా దగ్గరికి రాకు" అన్నారు.

"అయిపోయిందాండీ?" అన్నాను.

"ఆయ్, అయిపోయింది. నేను రోగుల్ని చూసే మనిషిని. నువ్వు రోగివి కాదు. ఫో!" అంటూనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. నాన్న ఆవిడ కాళ్ళమీద పడబోతే పట్టుకుని ఆపి, "కాళ్ళ జోలికి రాకండి బాబూ, కాళ్ళతో చాలా పడ్డాం" అని నవ్వారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పిక్కలో పెద్ద గుంట ఉంది, కాస్త కుంటుతాను. ఎవరింట్లో పిల్లకి పెద్ద జబ్బు చేసినా వెళ్ళి పక్కన కూర్చుంటాను, అడిగినదానికి నాకు తెలిసినంతవరకూ నిజమే చెబుతాను. ఈనాటి డాక్టర్లందరూ "మళ్ళీ రండమ్మా" అంటారు. నన్ను రావద్దన్నది ఆవిడొక్కరే. ఆ మాట మీదే ఇన్నేళ్ళూ బతికాను.